పది కోట్ల సేకరణ: కన్సల్టెంటుకు కమిషనా, ఫీజా?

ప్రశ్న: మాది యాభై ఏళ్ళుగా నడుస్తున్న, లాభాపేక్ష లేని కళాశాల. కొత్త గ్రంథాలయ భవనానికి 7 కోట్లు, పేద విద్యార్థుల ఉపకార వేతనాల కోసం శాశ్వత నిధికి 3 కోట్లు, మొత్తం 10 కోట్లు సేకరించాలని పాలకమండలి తీర్మానించింది. మా దగ్గర 6,000 మంది పూర్వ విద్యార్థుల చిరునామాలున్నాయి. తలా 17 వేలు ఇచ్చినా సరిపోతుందని మా లెక్క. ఇద్దరు కన్సల్టెంట్లు ముందుకొచ్చారు. మొదటివారు ముందుగా ఏమీ అడగడం లేదు, వసూలైనదాంట్లో 12 శాతం ఇమ్మంటున్నారు. పెద్ద దాతల జాబితా కూడా తమ దగ్గరుందంటున్నారు. రెండోవారు మొదట మూడు నెలలు అధ్యయనం చేస్తామని, దానికి స్థిరమైన ఫీజు కావాలని అంటున్నారు. ఆ తర్వాత కూడా విరాళాలు తాము అడగరట, మేమే అడగాలట. డబ్బు రాకముందే ఖర్చెందుకని మా సభ్యుల్లో ఎక్కువమంది మొదటివారి వైపే ఉన్నారు. వార్షికోత్సవంలో లక్ష్యాన్ని ఘనంగా ప్రకటించి మొదలుపెట్టాలనుకుంటున్నాం. ఏం చేయమంటారు?
– ఒక కళాశాల కార్యదర్శి

సమాధానం:

రెండోవారినే తీసుకోండి. "మేం అడగం, మీరే అడగాలి" అన్నందుకు మీ సభ్యులు వెనకాడుతున్నారు గాని, వాళ్ళను నమ్మవచ్చనడానికి మీ ఉత్తరంలో కనిపించే మొదటి ఆధారం ఆ మాటే. పెద్ద విరాళం ఇచ్చేవాళ్ళు కన్సల్టెంటు ముఖం చూసి ఇవ్వరు. తమకు పాఠం చెప్పిన సంస్థను చూసి, దాన్ని నడిపే మనుషుల మీద నమ్మకంతో ఇస్తారు. ఎవరిని, ఎప్పుడు, ఎంత, ఎవరితో కలిసి వెళ్ళి అడగాలో తేల్చిపెట్టి, మీ చేత ఆ పని సక్రమంగా చేయించడం కన్సల్టెంటు బాధ్యత.

ఇక కమిషన్ సంగతి. పది కోట్లలో 12 శాతమంటే 1 కోటి 20 లక్షలు. మీ ప్రిన్సిపాల్‌తో ఇరవై ఏళ్ళ అనుబంధం ఉన్న ఒక పూర్వ విద్యార్థి 2 కోట్లు ఇచ్చాడనుకోండి. అందులో 24 లక్షలు, ఆ అనుబంధంతో ఏ సంబంధమూ లేని వ్యక్తికి వెళతాయి. "నేనిచ్చిన దాంట్లో భవనానికి ఎంత పోయింది?" అని ఆ దాత ఒక్కసారి అడిగితే ఏం జవాబు చెబుతారు? దాచలేరు, దాచకూడదు కూడా. కొన్ని ఫౌండేషన్లయితే తామిచ్చే గ్రాంటులోంచి కమిషన్ చెల్లించడానికి అసలు ఒప్పుకోవు.

దీనికన్నా పెద్ద నష్టం పైకి కనిపించదు. కమిషన్ మీద బతికేవారికి ఒక దాత నుంచి ఈ నెలలో వచ్చే 10 లక్షలు ముఖ్యం. అదే మనిషిని కళాశాలకు పిలిచి, విద్యార్థులతో కూర్చోబెట్టి, ఏడాదిన్నర తర్వాత కోటి అడగవచ్చునన్న ఆలోచనకు అక్కడ చోటుండదు. తొందరపడి అడిగితే ఆయన మర్యాదకు 10 లక్షలిచ్చి "నా వంతు అయిపోయింది" అనుకుంటాడు. ఆ తలుపు మళ్ళీ అయిదారేళ్ళ దాకా తెరుచుకోదు. ముందుగా ఖర్చు లేదు కాబట్టి పోయేదేమీ లేదని మీవాళ్ళు అనుకుంటున్నారు. పోయేవి మీ దగ్గరున్న మంచి పేర్లే. అందుకే నిధుల సేకరణ వృత్తిలో ఉన్నవారి సంఘమైన అసోసియేషన్ ఆఫ్ ఫండ్‌రైజింగ్ ప్రొఫెషనల్స్ నీతి నియమావళి విరాళాల్లో శాతం పుచ్చుకోవడాన్ని తన సభ్యులకు నిషేధించింది. మీ సభలో ఆ నియమాన్ని చదివి వినిపించండి. సొంత అభిప్రాయంగా చెప్పేదానికన్నా బలంగా ఉంటుంది.

"పెద్ద దాతల జాబితా మా దగ్గరుంది" అన్న మాటకైతే నేరుగా ఒక ప్రశ్న వేయండి: ఆ జాబితా ఎవరిది? వేరే సంస్థకు పనిచేస్తూ సంపాదించినదైతే అది ఆ సంస్థ సొత్తు. ఈరోజు వాళ్ళ పేర్లు మీకిచ్చినవారు రేపు మీ పేర్లు ఇంకొకరికి ఇస్తారు. పైగా మీ కళాశాల గడప తొక్కని ధనవంతుడు మీకు కోటి ఇవ్వడానికి కారణమేదీ లేదు.

ఇప్పుడు తలా 17 వేల లెక్క. కాగితం మీద 6,000 మందిని 17 వేలతో హెచ్చిస్తే 10 కోట్ల 20 లక్షలు వస్తాయి. ఆచరణలో అలా రావు. ముందుగా, 6,000 చిరునామాలంటే 6,000 మంది దొరుకుతారని కాదు. నమూనాకు 100 పేర్లు తీసి ఈ వారమే ఫోన్ చేయించండి, ఎన్ని నంబర్లు పనిచేస్తున్నాయో మీకే తెలుస్తుంది. దొరికినవాళ్ళందరూ ఇవ్వరు. అన్నింటికన్నా ముఖ్యం, 50 లక్షలు ఇవ్వగలిగిన మనిషికి మీరే 17 వేలని ధర కట్టేస్తున్నారు. ఆయన సంతోషంగా 17 వేలు పంపి ఊరుకుంటాడు. మరోవైపు, ఇంకా నిలదొక్కుకోని కుర్రవాడికి ఆ మొత్తమే భారమై, ఇవ్వలేక మొహం చాటేస్తాడు.

ఇలాంటి క్యాంపెయిన్లలో డబ్బు పైనుంచి వస్తుంది. మొత్తంలో ఎనభై, తొంభై శాతం కొద్దిమంది దగ్గర్నుంచే రావడం మామూలు. కాబట్టి మొదట వేయాల్సింది విరాళాల పట్టిక. మీ 10 కోట్లకు అది సుమారుగా ఇలా ఉంటుంది: 2 కోట్ల విరాళం ఒకటి, కోటి చొప్పున రెండు, 50 లక్షలవి నాలుగు. ఈ ఏడింటితోనే 6 కోట్లయింది. తర్వాత 25 లక్షలవి ఆరు, 10 లక్షలవి పది, 3 లక్షలవి ఇరవై. ఇక్కడికి 43 విరాళాలు, 9 కోట్ల 10 లక్షలు. మిగిలిన 90 లక్షలు చిన్న విరాళాలుగా వందలమంది నుంచి రావాలి.

ప్రతి విరాళానికీ ఒక్క పేరు రాసుకుంటే సరిపోదు. కొందరు కాదంటారు, ఇంకొందరు అడిగినదానికన్నా తక్కువ ఇస్తారు. పై ఏడు విరాళాలకు ఒక్కోదానికి నలుగురు, కింది 36 విరాళాలకు ముగ్గురేసి పేర్లుండాలి. అంటే 28, 108 కలిపి 136 మంది. ఊరికే పేర్లు కావు, మీలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తే ఎత్తే మనుషులు. పై వరుసకు 28 పేర్లు దొరకక 9 దగ్గర ఆగిపోయారంటే మీ లక్ష్యం ఇప్పటికి 10 కోట్లు కాదు. అది తెలుసుకోవడానికి ఇంకా కన్సల్టెంటు కూడా అక్కర్లేదు.

ఈ పేర్లు రాబట్టడానికి ఒక మంచి పద్ధతుంది. అయిదారు తరాల బ్యాచ్‌ల నుంచి పదిమంది నమ్మకస్తులను పిలవండి. ఒక్కొక్కరికీ ఒకే జాబితా ఇచ్చి, మాట్లాడుకోకుండా విడివిడిగా మార్కులు వేయమనండి. మూడు విషయాలకు వేయాలి: ఇచ్చే శక్తి ఉందా, కళాశాలతో బంధం మిగిలుందా, ఈ పని మీద ఆసక్తి ఉందా. శక్తి ఒక్కటే చూసుకోవడం అందరూ చేసే పొరపాటు. విపరీతంగా సంపాదించి కళాశాలను మరిచిపోయినవాడి కన్నా, ఓ మోస్తరు వ్యాపారం చేసుకుంటూ ఏటా సమావేశానికి వచ్చేవాడు పెద్ద విరాళం ఇవ్వడం ఎక్కువ. కాగితాలు అక్కడే వెనక్కి తీసుకుని భద్రపరచండి. ఒకరి ఆస్తి గురించి ఇంకొకరు రాసిన అంచనా బయటికి పొక్కితే కలిగే బాధ అంత సులువుగా తీరదు.

రెండోవారు చెబుతున్న అధ్యయనం ఇక్కడ మొదలవుతుంది. దీన్నే ఫీజిబిలిటీ స్టడీ అంటారు. కన్సల్టెంటు 30 నుంచి 40 మందిని ఒక్కొక్కరిగా కలిసి ముప్పావుగంట, గంట మాట్లాడతారు. అంతకు ముందే మీరు మూడు నాలుగు పేజీల ముసాయిదా తయారుచేసి వాళ్ళకు పంపాలి: గ్రంథాలయం ఎందుకు కావాలి, ఇప్పుడే ఎందుకు, ఖర్చు ఎలా తేలింది, ఇది లేకపోతే విద్యార్థులకు జరిగే నష్టమేమిటి. సమావేశంలో విరాళాల పట్టిక చూపించి, "ఈ పని జరిగితే మీరు ఈ పట్టికలో ఎక్కడుంటారనుకుంటున్నారు?" అని అడుగుతారు. ఆ రోజు విరాళం మాత్రం అడగరు. అడిగితే అధ్యయనమన్న పేరుతో వసూలుకు వచ్చారని మాట పుడుతుంది, మిగతావాళ్ళెవరూ మనసు విప్పరు. మీవాళ్ళు అడిగితే రాని నిజాలు బయటి మనిషికి చెబుతారు: పాలకమండలిలో ఫలానావారి మీద నమ్మకం లేదనో, గతంలో ఇచ్చిన డబ్బుకు లెక్క చెప్పలేదనో, గ్రంథాలయం కన్నా హాస్టలు అవసరమనో. ఫీజు నిజానికి ఈ మాటల కోసమే. నివేదికలో ఎవరేమన్నారో పేర్లతో రాకూడదు, అంశాలుగా రావాలి.

అధ్యయనం చెడిపోయేది ఎక్కువగా జాబితా దగ్గరే. మీకు అనుకూలంగా మాట్లాడే ముప్పైమంది పేర్లిస్తే అనుకూలమైన నివేదికే వస్తుంది. కళాశాలతో గొడవపడి దూరమైనవాళ్ళను నలుగురినైనా చేర్చండి. ఫలితం "10 కోట్లు సాధ్యం కాదు, 6 కోట్లతో మొదటి దశ కట్టండి" అని వస్తే ఆ ఫీజు వృథా అనుకోవద్దు. ప్రకటించి 4 కోట్ల దగ్గర ఆగిపోతే జరిగే అవమానం నుంచి అది మిమ్మల్ని తప్పించింది.

ముసాయిదా రాయడంలో చాలామంది కళాశాల గొప్పలతో రెండు పేజీలు నింపేస్తారు. దాతకు కావలసింది అది కాదు. డబ్బు దేనికో దాతకు కాగితం మీద సూటిగా చూపించాల్సిన అవసరం చాలా పాతది. 1641లో హార్వర్డ్ కాలేజీకి నిధులు తెమ్మని మసాచుసెట్స్ వలస నుంచి ముగ్గురు ప్రతినిధులను ఇంగ్లండు పంపారు. కాలేజీ ఏమిటో, అక్కడేం జరుగుతోందో అచ్చు కాగితంలో చూపించాల్సి వచ్చింది. 1643లో లండన్‌లో ఒక కరపత్రం వేశారు. అదే ఏడాది ఆన్ రాడ్‌క్లిఫ్ అనే ఆమె ఇచ్చిన 100 పౌండ్లతో ఆ కాలేజీలో మొదటి ఉపకార వేతనం ఏర్పడింది. మీ 3 కోట్ల శాశ్వత నిధి గురించి రాసేటప్పుడు కూడా అంతే సూటిగా రాయండి. అసలు ముట్టుకోకుండా నిధి విలువలో ఏటా 4 శాతం ఖర్చు పెడితే 12 లక్షలు వస్తాయి. ఆ 12 లక్షలతో ఎంతమంది పిల్లలకు పూర్తి ఫీజు కట్టగలరో లెక్కగట్టి ఆ సంఖ్య రాయండి. "పేద విద్యార్థులకు చేయూత" అన్న వాక్యం ఎవరి చేతా చెక్కు రాయించదు.

వార్షికోత్సవంలో ప్రకటించే ఆలోచన దయచేసి మానుకోండి. ఇందులో నేను చాలా గట్టిగా ఉన్నాను. లక్ష్యంలో కనీసం 60 శాతం, వీలైతే 70 శాతం మాట రూపంలో చేతికొచ్చేదాకా బయటి ప్రపంచానికి ఈ సంగతి తెలియనక్కర్లేదు. సున్నా దగ్గర ప్రకటిస్తే ప్రతివాడూ తనకు తోచినంత ముందే పంపేస్తాడు, పెద్ద విరాళాలకు చోటే ఉండదు. ఏడు కోట్లు వచ్చాయని చెప్పి మిగిలిన మూడు కోట్లకు పిలుపిస్తే జనం గెలుస్తున్న పనిలో చెయ్యి కలపడానికి ముందుకొస్తారు. ఈ నిశ్శబ్ద దశకు మీలాంటి సంస్థకు ఏడాది పడుతుంది, ఏడాదిన్నర అయినా ఆశ్చర్యం లేదు.

ఆ దశలో మొదటి విరాళాలు పాలకమండలివే. ప్రతి సభ్యుడూ ఇవ్వాలి. మొత్తం ఎంతన్నది వాళ్ళ శక్తిని బట్టి. కాని ఒక్కరు తగ్గినా, "మీ బోర్డులో అందరూ ఇచ్చారా?" అని దాత అడిగినప్పుడు తల దించుకోవాలి. తర్వాత పట్టికలో పై నుంచి కిందికి రండి. సులువుగా ఉంటుందని కింది వరుసతో మొదలుపెట్టేవాళ్ళు మధ్యలో ఆగిపోతారు.

అడగడానికి ఇద్దరు వెళ్ళండి: ప్రిన్సిపాల్ లేదా మీరు, తోడుగా ఆ దాతకు సమఉజ్జీ అయిన, ఇప్పటికే తన విరాళం ఇచ్చేసిన మరొకరు. ఎవరు ఏ మాట చెప్పాలో ముందే నిర్ణయించుకోండి. కుశల ప్రశ్నలు, కళాశాల సంగతులు అయ్యాక అడిగే వాక్యం ఇలా ఉండాలి: "గ్రంథాలయంలో పఠన మందిరానికి 50 లక్షలు, ఏటా 10 లక్షల చొప్పున అయిదేళ్ళలో ఇచ్చే విషయం మీరు ఆలోచించాలని అడగడానికి వచ్చాం." మొత్తం, పని, గడువు మూడూ అందులో ఉన్నాయి. ఇది చెప్పాక మాట్లాడకండి. ఆ పది పదిహేను సెకన్లు భరించడం కష్టం, అందుకే చాలామంది "లేదంటే మీకు వీలైనంత ఇవ్వండి" అని తామే నోరు జారతారు. ఆ ఒక్క మాటతో 50 లక్షలు 5 లక్షలవుతుంది. దాత "ఆలోచిస్తాను" అంటే మళ్ళీ ఎప్పుడు కలవాలో తేదీ తీసుకుని లేవండి. కన్సల్టెంటు ఇక్కడ చేయాల్సింది ముందురోజు మిమ్మల్ని కూర్చోబెట్టి ఈ సంభాషణ రెండుసార్లు సాధన చేయించడం.

ఒప్పందం సంగతి కాస్త శ్రద్ధగా చూడండి. ఫీజు స్థిరంగా ఉండాలి, దశల వారీగా చెల్లించేలా ఉండాలి: అధ్యయనానికి వేరు, క్యాంపెయిన్ నడపడానికి వేరు. అధ్యయనం అయ్యాక ముందుకు వెళ్ళకుండా ఆగే స్వేచ్ఛ మీకుండాలి. మీతో మాట్లాడిన పెద్దమనిషే పని చేస్తారా, సంతకం అయ్యాక కొత్తగా చేరిన కుర్రవాళ్ళను పంపుతారా అన్నది పేర్లతో సహా రాయించుకోండి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. నెలకు ఎన్ని రోజులు మీ పని మీద ఉంటారు, ప్రయాణ ఖర్చు ఎవరిది, ముప్పై రోజుల నోటీసుతో ఎవరైనా తప్పుకోవచ్చా అన్నవి కూడా రావాలి. దాతల వివరాలన్నీ కళాశాల సొత్తే అని, పని ముగిశాక వాళ్ళు వాటిని ఉంచుకోరని ఒక షరతు పెట్టండి. విరాళం సొమ్ము ఏ పరిస్థితిలోనూ కన్సల్టెంటు ఖాతాలోకి వెళ్ళకూడదు. సంతకానికి ముందు వాళ్ళు పనిచేసిన మూడు సంస్థలతో మాట్లాడండి. అందులో ఒకటి లక్ష్యం చేరనిదై ఉండాలని మీరే అడగండి. ఎందుకు చేరలేదో వాళ్ళూ సంస్థా చెప్పే కారణాలు కలుస్తున్నాయేమో చూస్తే చాలా సంగతులు అర్థమవుతాయి.

ఖర్చు విషయంలో మీ సభ్యుల ఆందోళన న్యాయమైనదే. బాగా నడిచిన భవన నిధి క్యాంపెయిన్ మొత్తం ఖర్చు లక్ష్యంలో 5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది, మొదటిసారి చేసేవాళ్ళకు కొంచెం పెరగవచ్చు. అందులో కన్సల్టెంటు ఫీజు ఒక భాగం మాత్రమే. ఒక పూర్తికాలపు ఉద్యోగి, దాతల వివరాలకు సాఫ్ట్‌వేర్, ముద్రణ, ప్రయాణాలు మిగతావి. మొదటివారి 12 శాతంలో ఇవేవీ లేవు, అవి మళ్ళీ మీ నెత్తినే పడతాయి. క్యాంపెయిన్ ఖర్చును ఇద్దరు ముగ్గురు సభ్యులు ప్రత్యేకంగా దానికోసమే విరాళమిచ్చి భరిస్తే, మిగిలిన దాతలతో మీ డబ్బంతా భవనానికీ పిల్లలకూ మాత్రమే అని ధైర్యంగా చెప్పవచ్చు. ఆ ఉద్యోగిని మాత్రం తప్పక నియమించండి. కన్సల్టెంటు వెళ్ళిపోయాక వాయిదాలు గుర్తుచేసేది, రెండు రోజుల్లో కృతజ్ఞతా పత్రం, రసీదు పంపేది, ఏడాదికోసారి పని ఎంతవరకు వచ్చిందో దాతకు రాసేది ఆ మనిషే. గతేడాది ఇచ్చి ఈ ఏడాది ఇవ్వనివాళ్ళ జాబితా ప్రతి మూడు నెలలకూ తీసి చూడటం కూడా ఆ ఉద్యోగి పనే.

మీ ఉత్తరంలో లేని ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే నిధులు బాగా వచ్చిన సంస్థలు కూడా దీని దగ్గర ఇరుక్కుంటాయి. పెద్ద దాతలు అయిదేళ్ళ వాయిదాల్లో ఇస్తారు. భవనానికి 7 కోట్ల మాట వచ్చిందనుకోండి, ఏటా అయిదో వంతు చొప్పున అయితే రెండేళ్ళు ముగిసేసరికి చేతిలో ఉండేది 2 కోట్ల 80 లక్షలు. భవనం మాత్రం రెండేళ్ళలో లేచిపోతుంది, కాంట్రాక్టరుకు 7 కోట్లూ కట్టాలి. 4 కోట్ల 20 లక్షల లోటు ఎక్కడిది? బ్యాంకు అప్పు తెస్తే వడ్డీ ఎవరు కట్టాలో ఆలోచించాలి. వాయిదాల్లో కొంత రాదు కూడా, మాట ఇచ్చిన మొత్తంలో 5 నుంచి 10 శాతం తగ్గుతుందనే లెక్క వేసుకోండి. కాబట్టి పై ఏడుగురిలో ఇద్దరు ముగ్గురినైనా మొదటి ఏడాదే సగం ఇవ్వగలరేమో అడగండి. భవనాన్ని రెండు దశలుగా విడగొట్టవచ్చునేమో ఆర్కిటెక్టుతో మాట్లాడండి. ఏ త్రైమాసికంలో ఎంత వస్తుంది, ఎంత పోతుంది అన్న పట్టిక మీ కోశాధికారి చేత తయారు చేయించండి, అది పాలకమండలి ఆమోదం పొందేదాకా నిర్మాణ ఒప్పందం మీద సంతకం పెట్టకండి.